రుడాల్ఫ్ డీజిల్: యంత్రం నడిచింది, లెక్క కుదరలేదు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో డీజిల్ అనే మాట వినని ఇల్లు ఉండదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు ఎందరో పనికోసం ఈ పట్టణానికి వచ్చి స్థిరపడ్డారు. వారి కుటుంబాలలో ఒక తరం బొగ్గు ఇంజిన్లతోను, తర్వాతి తరం డీజిల్ ఇంజిన్లతోను, ఇప్పటి తరం విద్యుత్ ఇంజిన్లతోను బతుకు సాగించింది. అయితే డీజిల్ అనేది మొదట ఒక నూనె పేరు కాదనీ, ఒక మనిషి పేరనీ, ఆ మనిషి అప్పుల్లో మునిగి సముద్రంలో కనుమరుగయ్యాడనీ తెలిసినవారు తక్కువ.

2003 ఏప్రిల్‌లో ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూర్ ప్రధాన కేంద్రమైంది. కొత్తగా ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం చెట్ల గింజల నుంచి డీజిల్ తీయాలని కలగన్నది కూడా ఆ సంవత్సరాలలోనే. బీడు భూముల్లో అడవి ఆముదం నాటితే రైలు నడుస్తుందని, రైతుకు రాబడి వస్తుందని, దేశానికి విదేశీ మారకద్రవ్యం మిగులుతుందని ఆనాడు అంచనాలు వేశారు. ఈ ఆశకు మూలపురుషునిగా రుడాల్ఫ్ డీజిల్ పేరునే చెప్పుకొన్నారు. ఆయన తన యంత్రాన్ని వేరుశెనగ నూనె కోసమే తయారుచేశాడన్న కథ ఆ కాలంలో విస్తృతంగా ప్రచారమైంది. ఆ కథలో నిజం సగమే. మిగిలిన సగం ఆయన జీవితంలో ఉంది.

బుక్‌బైండరు కుమారుడు

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు జర్మనీలోని బవేరియాకు చెందినవారు. తండ్రి థియోడర్ పుస్తకాలకు అట్టలు కట్టడం, తోలు సామగ్రి తయారుచేయడం వృత్తిగా జీవించేవాడు. ఇంటి ఆర్థిక స్థితి అంతంతమాత్రమే.

1870లో ఫ్రాన్స్, ప్రష్యాల మధ్య యుద్ధం రాగానే పారిస్‌లోని జర్మన్ కుటుంబాలు ఊరు విడిచిపోవలసివచ్చింది. డీజిల్ కుటుంబం లండన్ చేరింది. అక్కడ పూట గడవడమే కష్టం కావడంతో పన్నెండేళ్ల రుడాల్ఫ్‌ను జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఉన్న బంధువుల ఇంటికి పంపించారు. ఆ ఇంటి యజమాని బార్నికెల్ గణిత ఉపాధ్యాయుడు. ఆయన చేయూతతో బాలుడు పారిశ్రామిక పాఠశాలలో చేరి, తరగతిలో ప్రథముడుగా నిలిచాడు. 1875లో ఉపకారవేతనంపై మ్యూనిక్ సాంకేతిక విద్యాలయంలో ప్రవేశించాడు.

అక్కడి ఆచార్యుడు కార్ల్ ఫాన్ లిండె శీతలీకరణ యంత్రాల నిర్మాణంలో ప్రపంచ ప్రసిద్ధుడు. ఆవిరియంత్రంలో బొగ్గు ఇచ్చే వేడిలో నూటికి 10 పాళ్లకు మించి పనిగా మారడం లేదని, మిగిలినదంతా వృథాగా పోతున్నదని ఆయన బోధించిన పాఠం డీజిల్ మనసులో నాటుకుపోయింది. వృథా అయ్యే ఆ వేడిని పనిలోకి తేవడమే ఆయన జీవితలక్ష్యంగా మారింది.

1879లో పరీక్షల సమయానికి టైఫాయిడ్ సోకడంతో ఆయన సహాధ్యాయులతో కలసి పట్టా పొందలేకపోయాడు. మరుసటి సంవత్సరం జనవరిలో అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. అనంతరం లిండె సంస్థ తరఫున పారిస్‌లో మంచు తయారుచేసే కర్మాగారంలో చేరి, ఏడాది తిరిగేసరికి దాని నిర్వహణ బాధ్యతలు చేపట్టాడు. 1883లో మార్తా ఫ్లాషెను వివాహమాడాడు. వారికి ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె.

ఉద్యోగం చేస్తూనే ఆయన నీటి ఆవిరికి బదులు అమ్మోనియా ఆవిరితో నడిచే యంత్రం కోసం ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. అందులో ఒక పేలుడు ఆయనను ఆస్పత్రి పాలు చేసింది. ఆ మార్గంలో ఫలితం రాదని గ్రహించి, 1890లో బెర్లిన్‌కు మారిన తర్వాత మరో ఆలోచనకు రూపమివ్వసాగాడు.

నిప్పు పెట్టకుండా మంట

సైకిలు టైరుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం అందరూ గమనించే విషయమే. గాలిని బిగించి నొక్కినకొద్దీ దానిలో వేడి పెరుగుతుంది. డీజిల్ ఆలోచనకు ఆధారం ఇదే. సిలిండరులో ఒట్టి గాలిని మాత్రమే నింపి, పిస్టనుతో అతి తీవ్రంగా నొక్కి, అది కొన్ని వందల డిగ్రీల వేడికి చేరినప్పుడు ఇంధనాన్ని లోపలికి చిమ్మితే, అగ్గిపుల్లగాని విద్యుత్ నిప్పురవ్వగాని లేకుండానే అది మండుతుంది. ఎంత ఎక్కువ ఒత్తిడి ఉంటే అంత తక్కువ వృథా.

1892 ఫిబ్రవరిలో ఆయన ఈ పద్ధతికి పేటెంటు కోసం దరఖాస్తు చేశాడు. 1893లో పేటెంటు లభించింది. ఆ సంవత్సరమే తన సిద్ధాంతాన్ని వివరిస్తూ గ్రంథం ప్రచురించాడు. పలువురు నిపుణులు పెదవి విరిచినా, ఆగ్స్‌బర్గ్ యంత్ర కర్మాగారం, ఆయుధ తయారీకి పేరొందిన క్రుప్ సంస్థ పెట్టుబడికి ముందుకు వచ్చాయి.

1893 ఆగస్టు 10న మొదటి యంత్రంలో తొలిసారి ఇంధనం మండింది. ఆ మంటతో పుట్టిన ఒత్తిడికి కొలత పరికరం పగిలి ముక్కలై ఎగిరిపోయింది. సమీపంలో ఉన్నవారు ప్రాణాపాయం నుంచి తప్పించుకొన్నారు. ఆ రోజును పురస్కరించుకొని ఆగస్టు 10ని ప్రపంచ జీవ ఇంధన దినంగా జరుపుతున్నారు. ఆ రోజున యంత్రం వేరుశెనగ నూనెతో నడిచిందని ఏటా ఉపన్యాసాలలో వినవస్తుంది. వాస్తవానికి ఆ ప్రయోగంలో వాడినది పెట్రోలు. యంత్రం ఆనాడు తనంత తానుగా నడవనూ లేదు.

1894 ఫిబ్రవరి 17న మాత్రమే అది మొదటిసారి స్వయంగా సుమారు ఒక నిమిషంపాటు తిరిగింది. మరో మూడేళ్ల శ్రమ తర్వాత, 1897 ఫిబ్రవరిలో మ్యూనిక్ ఆచార్యుడు మోరిట్జ్ ష్రోటర్ అధికారికంగా పరీక్షలు జరిపాడు. ఇరవై అశ్వశక్తికి కాస్త అటూ ఇటూగా ఉన్న ఆ యంత్రం ఇంధనంలోని శక్తిలో నూటికి 26 పాళ్లకు పైగా పనిగా మార్చినట్లు తేలింది. ఆనాటి ఆవిరియంత్రాలతో పోలిస్తే ఇది రెండింతలకు మించిన ఫలితం.

యంత్రం గెలిచింది. ఇక దానిని అమ్ముకొనే హక్కుల కోసం దేశదేశాల సంస్థలు బారులు తీరాయి. అమెరికా హక్కులను బీరు తయారీదారుడు అడాల్ఫస్ బుష్ పది లక్షల మార్కులకు కొన్నాడు. నలభై ఏళ్లు నిండకముందే బుక్‌బైండరు కుమారుడు లక్షాధికారి అయ్యాడు.

చిన్న కార్ఖానా కోసం కన్న కల

డీజిల్ సంపాదన కోసమే యంత్రం నిర్మించాడనుకొంటే పొరపాటు. ఆవిరియంత్రం పెద్దది, ఖరీదైనది. దానిని కొనగల స్తోమత పెద్ద కర్మాగారాలకే ఉండేది. ఫలితంగా నేతగాడు, వడ్రంగి, కమ్మరి, ముద్రాపకుడు వంటి చేతివృత్తులవారు పోటీకి నిలువలేక కూలీలుగా మారుతున్నారు. స్థానికంగా దొరికే ఏ ఇంధనంతోనైనా నడిచే చిన్న యంత్రం ఉంటే వారు తమ ఊళ్లోనే, తమ ఇంటి కార్ఖానాలోనే నిలదొక్కుకోగలరని ఆయన భావించాడు.

1903లో ఆయన సంఘీభావ వాదంపై ఒక పుస్తకం రాశాడు. కార్మికులు తలా కొంచెం పొదుపు చేసి ఉమ్మడి నిధిగా కూర్చుకొని, తామే కర్మాగారాలకు యజమానులు కావాలన్నది దాని సారాంశం. యంత్రంకంటె ఈ పుస్తకాన్నే తన ప్రధాన కృషిగా ఆయన భావించాడంటారు. ప్రచురించిన వేల ప్రతులలో అమ్ముడైనవి కొద్ది వందలే.

కాలం ఆయన కోరిన దిశలో నడవలేదు. ఆరంభంలో యంత్రం బరువుగా, ఖరీదుగా ఉండడంతో చేతివృత్తులవారి దరికి చేరలేదు. మొదట విద్యుత్ కేంద్రాలకు, ఆపై ఓడలకు, జలాంతర్గాములకు అది ప్రాణమైంది. 1912లో డెన్మార్క్‌కు చెందిన సెలాండియా నౌక డీజిల్ యంత్రాలతో మహాసముద్రాలు దాటింది.

పారిస్‌లో వేరుశెనగ నూనె

1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో డీజిల్ యంత్రానికి అత్యున్నత బహుమతి లభించింది. అక్కడ ఓట్టో సంస్థ ప్రదర్శించిన చిన్న డీజిల్ యంత్రం ఒకటి వేరుశెనగ నూనెతో నడిచింది. ఆ ప్రయోగం డీజిల్ స్వయంగా తలపెట్టినది కాదు. ఫ్రాన్స్ ప్రభుత్వ కోరికపై జరిగింది. ఆఫ్రికాలోని ఫ్రెంచి వలసల్లో వేరుశెనగ విరివిగా పండేది. అక్కడికి బొగ్గునో, పెట్రోలియాన్నో మోసుకుపోయే బదులు అక్కడి పంటతోనే అక్కడి యంత్రాలు నడపవచ్చునా అన్నది ప్రభుత్వం ఆలోచన. పెట్రోలియం కోసం నిర్మించిన యంత్రంలో ఏ మార్పూ చేయకుండా నూనె పోసినా అది సాఫీగా నడిచింది. చూడవచ్చినవారిలో ఆ సంగతి గమనించినవారే కొద్దిమంది.

డీజిల్ తర్వాత తాను కూడా పరీక్షలు జరిపి ఆ ఫలితాన్ని ధ్రువీకరించాడు. 1912లో లండన్‌లో ఇంజనీర్ల ముందు చేసిన ప్రసంగంలో ఈ ఉదంతాన్ని వివరించాడు. మొక్కల నూనెల వాడకం ప్రస్తుతానికి స్వల్ప విషయంగా కనిపించినా, కాలక్రమంలో అవి పెట్రోలియంతోను, బొగ్గు నుంచి తీసే నూనెలతోను సమానమైన ప్రాముఖ్యం పొందవచ్చునని అభిప్రాయపడ్డాడు. పశువుల కొవ్వు, చేపనూనెలను కూడా ఈ జాబితాలో చేర్చాడు. భూగర్భ నిల్వలు తరిగిపోయినా సూర్యరశ్మి నుంచి పంట రూపంలో ఇంధనం లభిస్తూనే ఉంటుందన్నది ఆయన వాదన.

డీజిల్ మాటలలోని ఒక జాగ్రత్తను తర్వాతి కాలంవారు విస్మరించారు. నూనెతో యంత్రం నడుస్తుందని ఆయన చెప్పాడు. ఆనాటి ధరలకు అది గిట్టుబాటు అవుతుందని మాత్రం చెప్పలేదు.

రైలు పట్టాలపై తొలి అడుగు

రైల్వే పట్టణాల పాఠకులకు ఆసక్తి కలిగించే మరో ఘట్టం కూడా ఆయన జీవితంలో ఉంది. స్విట్జర్లాండులోని సుల్జర్ సంస్థతో కలసి డీజిల్ ఒక రైలు ఇంజిన్ నిర్మాణానికి పూనుకొన్నాడు. సుమారు 1,000 అశ్వశక్తిగల ఆ ఇంజిన్‌ను 1912లో స్విస్ పట్టాలపై పరీక్షించారు. 1913లో జర్మనీకి తరలించారు. యంత్రాన్ని నేరుగా చక్రాలకు అనుసంధానించడం దాని ప్రధాన లోపం. నిలిచి ఉన్న బండిని కదిలించేందుకు బిగించిన గాలి సాయం కావలసివచ్చేది. తరచు మరమ్మతులు తప్పలేదు. చివరకు దానిని పక్కన పెట్టారు.

డీజిల్ యంత్రంతో విద్యుత్తును పుట్టించి, ఆ విద్యుత్తుతో చక్రాలు తిప్పే పద్ధతి తర్వాతి దశాబ్దాలలో స్థిరపడింది. ఆ పద్ధతిలో తయారైన ఇంజిన్లు 1950 దశకం చివర అమెరికా నుంచి భారతదేశానికి వచ్చాయి. 1964లో వారణాసిలో వాటి నిర్మాణం ఆరంభమైంది. పట్టాలమీద తన పేరు నిలిచిన ఆ రోజులను చూసే అదృష్టం డీజిల్‌కు కలుగలేదు.

లక్షలనుంచి అప్పులకు

యంత్రం ప్రపంచమంతటా వ్యాపించినకొద్దీ దాని సృష్టికర్త స్థితి దిగజారింది. పేటెంటు తమదేనంటూ ప్రత్యర్థులు వేసిన దావాలు ఏళ్ల తరబడి సాగాయి. మొదటి తరం యంత్రాలలోని లోపాలకు కొనుగోలుదారులు ఆయననే నిందించారు. 1898లో నరాల నీరసంతో కొంతకాలం వైద్యశాలలో గడపవలసివచ్చింది. మ్యూనిక్‌లో విలాసవంతమైన భవనం నిర్మించాడు. భూముల క్రయవిక్రయాలలోను, వాటాల వ్యాపారంలోను పెట్టిన సొమ్ము కరిగిపోయింది. పేటెంటు గడువు ముగిశాక రాయల్టీ ఆదాయమూ ఆగిపోయింది. ఉష్ణశక్తిలో ఒక్క పాలు వృథా కావడం సహించలేని మనిషి, తన సొంత సొమ్ము ఎక్కడ వృథా అవుతున్నదో గుర్తించలేకపోయాడు.

1913 సెప్టెంబరు 29 సాయంత్రం ఆయన బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కాడు. ఇంగ్లండులో తన పేరిట ఏర్పడిన సంస్థ సమావేశానికి వెళ్లవలసి ఉంది. సహచరులతో భోజనం ముగించి, రాత్రి 10 గంటల ప్రాంతంలో, ఉదయం 6.15కు లేపవలసిందని చెప్పి గదిలోకి వెళ్లాడు. తెల్లవారేసరికి గదిలో లేడు. పడక నలగలేదు. ఓడ వెనుకభాగంలో కమ్మీ పక్కన ఆయన టోపీ, మడిచిన కోటు కనిపించాయి. దినచర్య పుస్తకంలో ఆ తేదీవద్ద ఒక శిలువ గుర్తు ఉంది.

అక్టోబరు 10న డచ్చి నావికులు సముద్రంలో ఒక మృతదేహాన్ని చూశారు. జేబులోని కళ్లజోడు పెట్టె, చిన్న చాకు వంటి వస్తువులు తీసుకొని దేహాన్ని తిరిగి నీటికే వదిలివేశారు. ఆ వస్తువులు తన తండ్రివేనని కుమారుడు యూజెన్ గుర్తించాడు. అప్పటికి డీజిల్ వయస్సు 55 సంవత్సరాలు. ప్రయాణానికి ముందు ఆయన భార్యకు ఒక సంచి ఇచ్చి వారం తర్వాత తెరవమన్నాడు. అందులో 20,000 మార్కుల నగదు, బ్యాంకు ఖాతాలు ఖాళీ అయినట్లు చూపే పత్రాలు ఉన్నాయి. ఆత్మహత్య అని ఎక్కువమంది విశ్వసించారు. హత్య అన్న ఊహాగానాలు సాగినా రుజువు కాలేదు.

నూనె డీజిల్‌గా మారిన విధం

డీజిల్ మరణానంతరం చౌకగా లభించిన పెట్రోలియం నూనెకు తగినట్లుగా యంత్రాల నిర్మాణమే మారిపోయింది. సన్నని రంధ్రాలగుండా ఇంధనాన్ని చిమ్మే కొత్త యంత్రాలకు మొక్కల నూనె సరిపడలేదు. వేరుశెనగ, కానుగ, ఇప్ప వంటి నూనెల చిక్కదనం డీజిల్‌కు పదింతల వరకు ఉంటుంది. ఆ నూనెను అలాగే పోస్తే మొదట యంత్రం నడుస్తుంది. కొంతకాలానికి రంధ్రాలు మూసుకుపోతాయి, లోపల మసి గడ్డకడుతుంది.

ఈ చిక్కును విప్పినవాడు బ్రస్సెల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన షవాన్. 1937లో ఆయన పేటెంటు పొందిన పద్ధతియే నేటి బయోడీజిల్‌కు మూలం. నూనెలోని ప్రతి అణువులోను గ్లిజరిన్ అనే వెన్నెముకకు మూడు కొవ్వు ఆమ్లాలు అంటిపెట్టుకొని ఉంటాయి. ఆల్కహాలు కలిపి, కాస్టిక్ సోడా వంటి క్షారం సాయంతో వేడిచేస్తే ఆ మూడూ విడివడి ఆల్కహాలుతో కలుస్తాయి. గ్లిజరిన్ అడుగుకు దిగుతుంది. పైన తేలే పలుచని ద్రవమే బయోడీజిల్. స్థూలంగా 100 కిలోల నూనెకు 10 లేదా 11 కిలోల మిథనాల్ కలిపితే సుమారు 100 కిలోల బయోడీజిల్, 10 కిలోల గ్లిజరిన్ లభిస్తాయి. 1938లో బ్రస్సెల్స్, లూవేన్ నగరాల మధ్య పామాయిల్‌తో తయారైన ఇలాంటి ఇంధనంతో బస్సు నడిపారు.

పశువుల కొవ్వుతోను ఇదే పని సాధ్యం. అయితే కొవ్వును ముందుగా కరిగించి, నీరు, మలినాలు తొలగించాలి. పాతబడిన కొవ్వులోను, మాడిన వంటనూనెలోను విడి కొవ్వు ఆమ్లాలు ఎక్కువగా ఉంటాయి. వాటికి నేరుగా కాస్టిక్ సోడా కలిపితే ఇంధనానికి బదులు సబ్బు తయారవుతుంది. అందువల్ల తొలుత ఆమ్లంతో ఒకసారి, తర్వాత క్షారంతో మరోసారి శుద్ధి చేయవలసి ఉంటుంది. కొవ్వునుంచి వచ్చిన ఇంధనం చలికి త్వరగా గడ్డకడుతుంది కూడా.

ఛత్తీస్‌గఢ్ ప్రయోగం

పెట్రోలియం దిగుమతుల భారం పెరిగినకొద్దీ మన దేశంలో ఈ పాత విద్యకు కొత్త గౌరవం లభించింది. 2002 డిసెంబరు 31న ఢిల్లీ, అమృత్‌సర్‌ల మధ్య శతాబ్ది రైలును నూటికి 5 పాళ్లు బయోడీజిల్ కలిపిన ఇంధనంతో ప్రయోగాత్మకంగా నడిపారు. 2003లో ప్రణాళికా సంఘం నియమించిన కమిటీ డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలిపేందుకు కోటి హెక్టార్లకు పైగా అడవి ఆముదం సాగు కావాలని లెక్కకట్టింది. నీరు, ఎరువు అక్కరలేని మొక్కగా దానికి పేరు వచ్చింది.

ఛత్తీస్‌గఢ్ ఈ ఉద్యమంలో అగ్రభాగాన నిలిచింది. 2005లో ప్రత్యేకంగా జీవ ఇంధన అభివృద్ధి సంస్థను నెలకొల్పింది. కోట్ల సంఖ్యలో మొక్కలు నాటించింది. ముఖ్యమంత్రి రమణ్ సింగ్ అధికారిక వాహనాన్ని బయోడీజిల్‌తో నడిపించారు. ఇండియన్ ఆయిల్ సంస్థ ఈ రాష్ట్రంలో సాగు కోసం సంయుక్త సంస్థను ఏర్పాటుచేసింది.

మొక్కలు బతికాయి. గింజలు ఆశించినంత రాలేదు. అడవి ఆముదం కరవుకు తట్టుకొని నిలుస్తుంది గాని, నీరూ ఎరువూ లేని బీడులో కాపు ఇవ్వదని పొలం చూపించింది. కాసిన గింజలైనా ఒక్కసారిగా పక్వానికి రావు. విడతలు విడతలుగా ఏరుకోవలసి ఉండడంతో కూలి ఖర్చు పెరుగుతుంది. మంచి భూమిలో నాటితే తిండి పంటకు ఎసరు వస్తుంది. పైగా ప్రభుత్వం బీడుగా లెక్కించిన భూమి గ్రామస్థులకు బీడు కాదు. అది పశువుల మేతకు, వంటచెరకుకు ఆధారం. 2009 జాతీయ విధానం 2017 నాటికి 20 శాతం లక్ష్యాన్ని ప్రకటించింది. అది నెరవేరలేదు. 2018 విధానం ఆ లక్ష్యాన్ని 2030 నాటికి 5 శాతానికి తగ్గించింది.

రైల్వే కూడా తన వంతు ప్రయత్నం చేసింది. ప్రత్యామ్నాయ ఇంధనాల కోసం ఏర్పడిన రైల్వే సంస్థ ఆధ్వర్యంలో, బిలాస్‌పూర్ కేంద్రంగా గల జోన్ పరిధిలోని రాయ్‌పూర్‌లో, రోజుకు 30 టన్నుల సామర్థ్యంతో బయోడీజిల్ కర్మాగారాన్ని 2015లో ప్రారంభించారు. ఈలోగా రైలు మార్గాల విద్యుదీకరణ వేగం పుంజుకొంది. 2021లో ఆ సంస్థను మూసివేశారు. దేశంలోని బ్రాడ్‌గేజ్ మార్గాలు నేడు దాదాపు అన్నీ విద్యుదీకృతమయ్యాయి. డీజిల్‌కు ప్రత్యామ్నాయం సిద్ధమయ్యేలోగా డీజిల్ ఇంజిన్‌కే ప్రత్యామ్నాయం వచ్చింది.

ఆ శ్రమ పూర్తిగా వ్యర్థమైందనడానికి వీల్లేదు. 2018 ఆగస్టు 27న డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి జీవ ఇంధనం కలిపి విమానం నడిపినప్పుడు వాడిన అడవి ఆముదం ఛత్తీస్‌గఢ్ రైతు కుటుంబాలు అందించినదే. అందుకు ఇంధనాన్ని డెహ్రాడూన్‌లోని భారతీయ పెట్రోలియం సంస్థ తయారుచేసింది. అయితే ఒక విమాన ప్రయోగానికి గింజలు సమకూర్చడం వేరు, ఒక రైల్వే జోన్‌కు ఏడాది పొడవునా నూనె అందించడం వేరు.

ఆదిలాబాద్ అనుభవం

ఛత్తీస్‌గఢ్ పొరుగునే ఉన్న తెలుగునేలపై ఇదే ఆలోచన మరో రూపంలో సాగింది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా గిరిజన గూడేలలో కానుగ చెట్లు తరతరాలుగా ఉన్నవే. వాటి గింజల నూనెతో డీజిల్ యంత్రాలు నడిపి దీపాలు వెలిగించవచ్చునని, పంపులు తిప్పవచ్చునని బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఉడిపి శ్రీనివాస బృందం నిరూపించింది. పవర్‌గూడ గ్రామంలో మహిళా పొదుపు సంఘం సభ్యులు గానుగ యంత్రం పెట్టి కానుగ నూనె తీశారు. 2003 అక్టోబరులో ప్రపంచబ్యాంకు ఆ గ్రామం నుంచి 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గింపు హక్కును 645 డాలర్లకు కొనుగోలు చేసింది. ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు అందుకు తోడ్పడ్డారు.

ఆ మొత్తం స్వల్పమే. దానితో దేశపు ఇంధన సమస్య తీరదు. కానీ అక్కడ కొత్తగా ఒక చెట్టును దేశమంతటిమీద రుద్దలేదు. ఊళ్లో ఉన్న చెట్టు, ఊరివారి పొదుపు, ఊరి అవసరం ఒకచోట చేరాయి. గానుగాడగా మిగిలిన చెక్క పొలానికి ఎరువైంది. 1903లో డీజిల్ రాసిన, ఎవరూ కొనని పుస్తకంలోని ఊహకు ఇంత దగ్గరగా వచ్చిన ఉదాహరణలు అరుదు. ఆ స్త్రీలలో ఎవరూ ఆ పుస్తకం పేరు విని ఉండరు.

మిగిలిన లెక్క

నేడు మన దేశంలో బయోడీజిల్ ఆశలు పొలంకంటె వంటగది వైపు మళ్లాయి. హోటళ్లలో పదేపదే మరిగించిన నూనె తిరిగి వంటలోకి చేరితే ఆరోగ్యానికి హాని. దానిని సేకరించి ఇంధనంగా మార్చే కార్యక్రమాన్ని ఆహార భద్రత సంస్థ 2018లో చేపట్టింది. 2019 ఆగస్టు 10న ప్రభుత్వరంగ చమురు సంస్థలు ఆ ఇంధనం కొనుగోలుకు 100 నగరాలలో ఆహ్వానం పలికాయి. పశువుల కొవ్వు, మాడిన నూనె వంటి వ్యర్థాలకు కొత్తగా భూమి అక్కరలేదు, నీరు అక్కరలేదు. సేకరణ ఒక్కటే సమస్య. అది చిన్న సమస్య కాదు. రోడ్డుపక్క బజ్జీల బండి యజమానికి ఆ నూనె చవకగా అమ్ముడుపోయే సరుకు. ఇంధన కర్మాగారం అంతకంటె మంచి ధర ఇవ్వగలిగినప్పుడే అది వంటనుంచి తప్పుకొంటుంది.

డీజిల్ జీవితం, ఛత్తీస్‌గఢ్ అనుభవం చెప్పే సంగతి ఒక్కటే. నూనెతో యంత్రం నడుస్తుందా అన్న ప్రశ్నకు 1900లోనే సమాధానం దొరికింది. ఆ నూనె ఎవరి భూమిలో పండుతుంది, ఎవరి చేతులు ఏరుతాయి, ఏ ధరకు అమ్ముడవుతుంది, ఎవరి కంచంలోనుంచి తగ్గుతుంది అన్న ప్రశ్నలకు ప్రతి తరం, ప్రతి ప్రాంతం విడిగా సమాధానం చెప్పుకోవలసిందే. యంత్రశాస్త్రంలో అసాధ్యాన్ని సాధించిన డీజిల్ సైతం ఆ రెండో లెక్కవద్దనే ఓడిపోయాడు. కొత్త ఇంధనం పేరిట రైతును పిలిచే ప్రభుత్వం మొదట ఆ లెక్క చూపించాలి. యంత్రం నడిచిన చప్పుడు దాని తర్వాత వినిపించవచ్చు.